రొట్టెల బండికి ముక్కు

తెల్లవారగానే ముక్కు మేస్త్రీ చేసే మొదటి పని తలుపు తీసి, గడప మీద నిలబడి, కళ్ళు మూసుకుని, పొట్ట నిండా ఒక ఊపిరి తీసుకోవడం. మొహం కడుక్కోకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే అది జరగాలి. పీల్చిన గాలిని కాసేపు లోపలే ఉంచుకుని, అరువు తెచ్చుకున్న వస్తువును జాగ్రత్తగా తిరిగి ఇస్తున్నట్టు మెల్లగా వదిలి, "ఇవాళ్టికీ ఇచ్చావు తండ్రీ" అనుకునేవాడు. ఆ తరవాత కళ్ళు తెరిచి వీధికి ఆ పూట సమాచారం చెప్పేవాడు.

దర్జీ ఇంట్లో పాలు అడుగంటుతున్నాయనీ, వీధి మూల ఎవరిదో బండి పెట్రోలు పచ్చిగా తాగుతోందనీ, మధ్యాహ్నానికి వాన తప్పదనీ, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళ గోడలో చెమ్మ ఉందనీ ఆయన చెబుతూంటే, వినడానికి కిటికీలన్నీ ఓరగా తెరిచి ఉండేవి. దర్జీ భార్య ఆ మాట చెవిన పడ్డాకే పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. మేస్త్రీ ఉండగా మనం శ్రమపడడం ఎందుకని ఆవిడ సొంత ముక్కును ఎప్పుడో విశ్రాంతికి పంపేసింది.

ఆ ముక్కును మొదట కనిపెట్టింది పల్లెటూరి బడిలో పంతులు గారు. ఎక్కాల దగ్గర ఎప్పుడూ తడబడే పిల్లవాడు ఒకనాడు పాఠం మధ్యలో లేచి, ఏదో కాలుతోందండీ అన్నాడు. పాఠం ఎగ్గొట్టే ఎత్తనుకుని పంతులు గారు బెంచీ ఎక్కించారు. బెంచీ ఎక్కేసరికి వాసన ఇంకా బాగా తెలిసి, పైన కాలుతోందండీ అని సవరించాడు. నిజంగానే పైకప్పు దగ్గర వైరు ఒకటి చడీచప్పుడు లేకుండా మాడుతోంది. పిల్లలందరినీ బయటికి తోలాక పంతులు గారు వాడి తల నిమిరి, "నీకు లెక్కలు రావురా. రాకపోతే పోయాయిలే. దేవుడు ముక్కిచ్చాడు, దాని వెనకాలే పో" అన్నారు. ఆయన ఊరికే అన్న మాటను వీడు ఉపదేశంగా పుచ్చుకున్నాడు. ముక్కు వెనకాలే పోయి పెట్రోలు బంకులో తేలాడు. అక్కణ్ణుంచి ఒకరి రిపేరు షెడ్డులోకి, ఆ తరవాత సొంత షెడ్డులోకి.

సొంత షెడ్డంటే రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, ఒక బల్ల. గోడకు కొట్టిన చెక్క మీద పానాలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా, ఫోటోకు నిలబడ్డ కుటుంబంలా వేలాడుతూండేవి. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ కార్బొరేటర్ ఉన్న పాత బండ్లు. ఆ బండ్లతో తంటా ఒక్కటే. గాలీ పెట్రోలూ పాళ్ళు కుదరాలి. గాలి ఎక్కువైతే ఇంజను ఆవులిస్తుంది, పెట్రోలు ఎక్కువైతే నల్లగా పొగ కక్కుతుంది. ఆ పాళ్ళు కుదర్చడానికి మేస్త్రీ సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి పైకెత్తేవాడు. ముందువైపు బానెట్ కింద స్క్రూడ్రైవరు పట్టుకుని ఆయన భార్య నిలబడేది. వేలు ఎత్తితే స్క్రూ బయటికి, వేలు మడిస్తే లోపలికి, పిడికిలి బిగిస్తే చాలు అని. పెళ్ళయిన కొత్తలో సాయానికి ఎవరూ దొరకక ఒకరోజు పిలిచాడు. ఆ స్క్రూడ్రైవరు ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది. పోట్లాడుకుని మాటలు లేని రోజుల్లో కూడా ఆ వేళ్ళ భాష నడిచేది. కాకపోతే అలాంటి రోజుల్లో ఆవిడ స్క్రూ ఒక పిసరు ఎక్కువ తిప్పేది, ఆయన దగ్గి సర్దుకునేవాడు.

ముక్కు పేరు షెడ్డు దాటి పాకింది. పాలు విరిగాయా, గ్యాసు కారుతోందా, కొన్న చెప్పులు అసలు తోలేనా, అన్నీ ఆయన దగ్గరికే. కాబోయే అల్లుడు తాగుతాడేమోనని అనుమానం ఉన్న మామలు ఏదో వంక మీద అతణ్ణి షెడ్డు ముందు నుంచి నడిపించుకుపోయేవాళ్ళు. పాటగాడి ముందు కూనిరాగం తీయకూడదన్నట్టు, మేస్త్రీ ముందు వాసనల మాట ఎత్తకూడదని, ఎవరూ పెట్టని కట్టుబాటు ఒకటి వీధిలో స్థిరపడిపోయింది. ఆయన ఎదుట గట్టిగా ముక్కు ఎగబీల్చడం కూడా అమర్యాదే. జలుబు చేసినవాళ్ళు అటు తిరిగి చీదుకునేవాళ్ళు.

అలాంటి ముక్కు ఒక జలుబుతో పోయింది.

వానల్లో తడిసి వచ్చిన జలుబు అది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, ముక్కు కారడం ఆగింది. గడప మీద నిలబడి ఊపిరి తీసుకుంటే మాత్రం లోపలికి వచ్చింది ఉత్త గాలి. సబ్బు వాసన చూశాడు. లేదు. ఉల్లిపాయ చిదిమాడు. కళ్ళు మండాయి గాని వాసన లేదు. షెడ్డులోకి పోయి పెట్రోలు డబ్బా మూత తీసి మొహం పెట్టాడు. నీళ్ళ బిందెలోకి తొంగి చూసినట్టుంది. డాక్టరు లైటు వేసి చూసి, వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు, ఓపిక పట్టాలన్నాడు. డాక్టరు ఏమన్నాడని భార్య అడిగితే, జలుబన్నాడు అని ఊరుకున్నాడు.

చెప్పడానికి భయం. ముక్కు లేని ముక్కు మేస్త్రీని ఎవరేమని పిలుస్తారు? ఎవరెందుకు పిలుస్తారు? పొద్దున గడప మీద మాత్రం ఎప్పటిలాగే నిలబడేవాడు. "ఇవాళ్టికీ ఇచ్చావు" అని దేవుడి దగ్గర అబద్ధమాడలేక, "నీ ఇష్టం తండ్రీ" అనుకునేవాడు. వీధి దగ్గర అంత పట్టింపు పెట్టుకోలేదు. "ఎవరిదో బండి పెట్రోలు ఎక్కువ తాగుతోంది" అని ప్రకటించేవాడు. అది ఏ రోజైనా ఏదో ఒక బండి విషయంలో నిజమే కదా. "ఎవరింట్లోనో ఏదో ఉడుకుతోంది" అనేవాడు. అదీ నిజమే. మేస్త్రీ మాటలు ఈ మధ్య లోతుగా ఉంటున్నాయని వీధివాళ్ళు అనుకున్నారు.

పాలు తెచ్చినవాళ్ళ విషయంలో ఆయనకు షెడ్డు పిల్లి సాయపడింది. గిన్నె పుచ్చుకుని, ఆలోచిస్తున్నట్టు దాన్ని బల్ల మీద పిల్లికి అందేలా పెట్టి, ఆకాశంలోకి చూసేవాడు. పిల్లి మూతి పెడితే "బాగున్నాయి", పెట్టకపోతే "పారబోయండి". ఒకరోజు పిల్లికి కడుపు నిండి ఉండడంతో వీధిలో చాలా మంచి పాలు మురిక్కాలవ పాలయ్యాయి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడలేదనుకుంటుందంటారు. ఇక్కడ పిల్లి కళ్ళు తెరుచుకునే తాగింది. ఎవరూ చూడలేదనుకున్నవాడు మేస్త్రీ.

సరిగ్గా ఆ రోజుల్లోనే రొట్టెలక్క వచ్చింది.

రొట్టెలక్కకు బేకరీ ఉంది, బేకరీకి ఒక ముసలి బండి ఉంది. భర్త పోయాక రెండూ తనే నడుపుకొస్తోంది. తెల్లవారుజామున కాల్చిన రొట్టెలు ఆ బండిలోనే ఆస్పత్రికీ, హాస్టలుకీ, వృద్ధుల ఆశ్రమానికీ చేరాలి. ఈసారి పాత బండ్లన్నిటికీ పొగ పరీక్ష పెట్టారు. వారాంతంలోగా పాసు కాకపోతే బండి రోడ్డెక్కకూడదు. బండి ఆగితే బేకరీలో పొయ్యి ఆగినట్టే.

"నా రొట్టె నీ ముక్కు మీద ఉందన్నా" అంది ఆవిడ తాళం చెవి చేతిలో పెడుతూ.

మేస్త్రీ తాళం చెవి పుచ్చుకున్నాడు. అన్నేళ్ళుగా కాదనని మనిషి ఇప్పుడేం చెప్పి కాదంటాడు? ఆ పూట అన్నం దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా బావమరిది కూర్చుని తింటున్నాడు. అతను కొత్త కార్ల కరెంటు పనులు చేస్తాడు. ప్రతి భోజనం దగ్గరా, ఇప్పుడన్నీ సెన్సార్లే బావా, ఇంకా ఎన్నాళ్ళు ఇలా సైలెన్సర్లు వాసన చూస్తావని సతాయించడం అతని అలవాటు. నా ముక్కుకు వైరు లేదు, ఫ్యూజు లేదు అని మేస్త్రీ నోరు మూయించడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం బావమరిది ఇంకా మొదలుపెట్టకముందే, "ఆ ఆక్సిజన్ సెన్సారేదో ఒకటి పట్టుకురా. రొట్టెల బండికి పెడదాం" అన్నాడు.

బావమరిది ముక్కున వేలేసుకున్నాడు. వడ్డిస్తున్న భార్య చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. కాలంతోపాటు నడవాలి కదా అని మేస్త్రీ నేల చూపులు చూస్తూ గొణిగాడు. అవసరమైనప్పుడు కాలాన్ని అడ్డం పెట్టుకోని మగాడు ఉండడు.

మర్నాడు బావమరిది చిన్న అట్టపెట్టె తెచ్చి, అందులోంచి బొటనవేలంత వస్తువును తీసి చూపించాడు. దానికి తోకలా వైర్లున్నాయి, వాటి చివర అంకె చూపించే చిన్న మీటరు ఉంది.

"ఇది పెట్రోలు వాసన చూడదు బావా. మంటంతా అయ్యాక పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తుంది. మిగిలితే గాలి ఎక్కువైనట్టు. మిగలకపోతే పెట్రోలు ఎక్కువైనట్టు."

"అంటే వంట ఎలా ఉందో కంచంలో మిగిలింది చూసి చెబుతుందన్నమాట."

"అంతే."

"తెలివైనదే. మీ అక్క కూడా అంతే."

ఇంజను దగ్గర్నుంచి సైలెన్సర్ గొట్టాన్ని విప్పి బయటికి తీశారు. బావమరిది దానికి రంధ్రం వేసి, సెన్సారును తిప్పి బిగించడానికి మరచుట్లున్న బిళ్ళను వెల్డింగు చేశాడు. సెన్సారు తల కిందికి ఉండకూడదనీ, పొగలో ఉండే చెమ్మ దాని మీద పడితే పాడవుతుందనీ, కొంచెం పైకి వాలి ఉండాలనీ చెప్పాడు. మేస్త్రీ భక్తిగా విన్నాడు. అది ముందు వేడెక్కాలనీ, చల్లగా ఉంటే ఏమీ చెప్పలేదనీ, అందుకే దానికి వేరే కరెంటు వైరు ఉందనీ అన్నప్పుడు, "పాపం, దానికీ జలుబే" అని నోరు జారి, నాలిక్కరుచుకున్నాడు. బావమరిది వైర్ల గొడవలో వినిపించుకోలేదు. వాకిలి దగ్గర పప్పు ఏరుతున్న భార్య మాత్రం ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ పప్పులోకి చూసుకుంది.

గొట్టాన్ని తిరిగి ఇంజనుకు బిగించింది మేస్త్రీయే. ఆ రెంటి మధ్యా సందు లేకుండా ఒక ప్యాకింగు ఉంటుంది. విప్పినప్పుడల్లా కొత్తది వేయాలి. తొందరలో ఉన్నవాడు పాతదాన్నే తిరగేసి పెట్టి బోల్టులు బిగించేశాడు. సందుంటే ముక్కు పసిగడుతుందన్న ధీమా ఆయన వేళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు. ముక్కు పోయిన సంగతి వేళ్ళకు ఇంకా తెలియదు.

అంతా అయ్యాక భార్య అలవాటు చొప్పున చేతులు తుడుచుకుంటూ వచ్చి స్క్రూడ్రైవరు అందుకుంది. "ఇవాళ నువ్వు కూర్చో. అంకె చూసి నేనే తిప్పుకుంటాలే" అన్నాడు మేస్త్రీ. ఆవిడ స్క్రూడ్రైవరును చెక్క మీద దాని చోట తగిలించి లోపలికి పోయింది. మళ్ళీ షెడ్డులోకి రాలేదు.

ఇంజను పెట్టారు. టిక్కుటిక్కుమని చప్పుడు. ఆ ఇంజను పుట్టినప్పటి నుంచీ ఏదో ఒకటి టిక్కుమంటూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోలేదు. బావమరిది డ్రైవరు సీట్లో కూర్చుని మీటరు చదివాడు. పెట్రోలు ఒక పాలైతే గాలి ఎన్ని పాళ్ళో చెప్పే ఆ అంకె పద్నాలుగు దాటి పదిహేను లోపు ఉండాలట. పదిహేడు చూపిస్తోంది. గాలి చాలా ఎక్కువ బావా అన్నాడు. మేస్త్రీ పెట్రోలు పెంచాడు. పదిహేడే. ఇంకా పెంచాడు. కదల్లేదు. చివరికి కార్బొరేటర్ విప్పి లోపల పెట్రోలు దూరివచ్చే జెట్టు తీసి, ఇంకా పెద్ద రంధ్రం ఉన్నది వేశాడు. అప్పుడు మెల్లగా, అలిగిన అల్లుడు మెట్టు దిగినట్టు, అంకె పదిహేను లోపుకు దిగింది. ఇద్దరూ కౌగలించుకున్నారు.

వెనక సైలెన్సర్ లోంచి వస్తున్న పొగ పలక తుడిచిన నీళ్ళలా ఉంది. మేస్త్రీ కళ్ళకు అది కనబడకపోలేదు. కన్ను ఒకటి చెబుతోంది, అంకె ఒకటి చెబుతోంది. ఏళ్ళ తరబడి నమ్మిన ముక్కే మోసం చేశాక ఇక కంటినేం నమ్మడం అనుకున్నాడు. పాత మసంతా కడుక్కుంటోందిలే అని బావమరిదికీ, తనకూ కలిపి ఒకేసారి చెప్పుకున్నాడు.

పరీక్ష దాకా ఆ బండే రొట్టెలు మోసింది. తెల్లవారుజామున అది వీధిలో తూలుకుంటూ పోతూంటే ఒక్కొక్క కిటికీ మూసుకునేది. గొట్టం ప్యాకింగు సందులోంచి వెళ్ళిన పొగ బండి నేల చెక్కల మధ్య నుంచి పైకెక్కి రొట్టెలకు పట్టింది. ఆస్పత్రిలో రోగులు రొట్టెను మింగలేక కక్కలేక, దాన్ని కూడా మందుల్లో ఒకటనుకున్నారు. హాస్టలు వంటావిడ రొట్టెల బుట్టను పొయ్యికి దూరంగా పెట్టింది. ఆశ్రమంలో ఒక తాతగారు మాత్రం ఈ రొట్టె తింటూంటే వయసులో ఉన్నప్పుడు నడిపిన మోటారు సైకిలు గుర్తొస్తోందని ఇంకో ముక్క అడిగి పెట్టించుకున్నాడు.

ఎవరూ మేస్త్రీతో అనలేదు. ముక్కు మేస్త్రీ స్వయంగా చూసిన బండి. ఆయనకు తెలియని వాసనా? ఆయన మంచి అన్నది మంచే అయి ఉండాలి, మన ముక్కులకే ఆ స్థాయి లేదు. రొట్టెలక్క కూడా అంతే. బండి ఎలా ఉందమ్మా అని ఆయన అడిగితే, మంట పుట్టి ఎర్రబడ్డ కళ్ళతో, "బాగుందన్నా, కొత్త పెళ్ళికూతుర్లా ఉంది" అంది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాం గాని, పొగబెట్టినవాణ్ణి ఏమీ అనలేక పొగ మింగిన వీధి ఇదొక్కటే. దేవుడు వాళ్ళ మంచితనాన్ని ఎక్కడో రాసుకునే ఉంటాడు. రాసుకుంటూ ఆయన కూడా ఒకసారి దగ్గి ఉంటాడు.

పరీక్ష రోజున రొట్టెలక్క బండి నడిపింది. పక్కన బావమరిది మీటరు పట్టుకుని కూర్చున్నాడు. వెనక ఖాళీ రొట్టె పెట్టెల మధ్య మేస్త్రీ, ఆయన భార్య. నువ్వెందుకని ఆయన అంటే, ఊరికే వస్తానని ఆవిడ ఎక్కి కూర్చుంది. పరీక్ష పెట్టే ఆఫీసు ఆవరణలోకి బండి రాగానే గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి, ఎవరి మీదా అరవకుండా, తన దారిన తను వెళ్ళిపోయింది.

పరీక్షాధికారి మర్యాదస్తుడు. మేస్త్రీ పేరు విన్నవాడు. సైలెన్సర్ లోకి గొట్టం దూర్చి యంత్రం నొక్కాడు. ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుని అక్కడే నిలిచిపోయింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. ఆయన యంత్రాన్ని అరచేత్తో తట్టాడు, ఊదాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తరవాత నీళ్ళు కారుతున్న కళ్ళతో మేస్త్రీ వైపు తిరిగాడు.

"మేస్త్రీ గారూ, ఈ యంత్రం ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. మీరు చూసిన బండి అంటున్నారు కాబట్టి పాడైంది మా యంత్రమేనేమో. మీరొకసారి చూసి చెప్పండి. మీరు బాగుందంటే సంతకం పెట్టేస్తాను."

 కుడితిలో పడ్డ ఎలుకకు నిచ్చెన దొరికినట్టయింది. ఒక్క మాట చాలు. బండి పాసు, పేరు నిలుస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

నడుం మీద చెయ్యి పెట్టుకుని సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. పొట్ట నిండా ఊపిరి తీసుకున్నాడు. ఏమీ లేదు. అమృతమో విషమో తెలియని ఉత్త వెచ్చదనం. లోపల గొంతు మాత్రం గరగరమంది. "బాగుంది" అనడానికే నోరు తెరిచి, కళ్ళు కూడా తెరిచాడు.

ఎదురుగా అందరూ వరసగా నిలబడి ఉన్నారు. అధికారి చేతిరుమాలును జేబులోంచి సగం తీసి, అమర్యాదని మళ్ళీ లోపలికి నెట్టుకుంటున్నాడు. బావమరిది మొహం వంకాయ రంగుకు తిరిగింది. రొట్టెలక్క పెదవులు బిగపట్టి, దగ్గు ఆపుకోవడానికి భుజాలు ఎగరేస్తోంది. అందరికంటే ముందు ఆయన భార్య నిలబడి ఉంది, పొగ తిన్నగా మొహాన కొట్టే చోట. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆయన ఎత్తిన చేతి వైపే, ఆ వేళ్ళు ఏం చెబుతాయోనని, ఎప్పటిలాగే చూస్తోంది.

మేస్త్రీ ఎత్తిన చెయ్యి దించాడు. అదే బండిలో రేపు పొద్దున రొట్టెలు పోవాలి. ఈ మనుషులు రేపూ ఇలాగే దగ్గు మింగుకుని నిలబడతారు.

"నాకు వాసన తెలియడం లేదు" అన్నాడు. "జలుబు చేసినప్పటి నుంచీ లేదు. ఇంతకాలం చెప్పలేదు."

 అప్పుడు మర్యాద కోసం ఇన్నాళ్ళూ ఆపుకున్న దగ్గులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. రొట్టెలక్క బండి మీద చెయ్యి వేసి దగ్గింది. బావమరిది నేల మీద చతికిలబడి దగ్గాడు. అధికారి రుమాలు మొత్తం బయటికి లాగి, అటు తిరిగి, మనసారా దగ్గాడు. ఆఫీసు లోపల్నుంచి కూడా ఎవరో దగ్గిన చప్పుడు వినిపించింది.

"చంపేశావన్నా" అంది రొట్టెలక్క ఊపిరి తిరిగాక. "ముందే చెబితే తిరిగొచ్చిన రొట్టెలు నేను తినకపోదును. వృథా పోతాయని తిన్నాను."

మేస్త్రీ ఆవిడకు చేతులు జోడించి, భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"పెట్రోలు డబ్బాలో మొహం పెట్టుకుని కూర్చున్న రోజే తెలుసు" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "మీరే చెబుతారని చూశాను."

అధికారి గొంతు సవరించుకుని, తన యంత్రం బాగానే ఉన్నట్టు రూఢి అయిందనీ, ఈ బండికి సంతకం పెట్టలేననీ, అయితే గేటుకు తాళం వేసే దాకా ఎవరి బండి వాళ్ళు ఆవరణలో బాగుచేసుకోవద్దని ఏ నిబంధనలోనూ లేదనీ చెప్పాడు. చెప్పి, ఒక కుర్చీ తెప్పించి మేస్త్రీ భార్య కోసం వేయించాడు.

ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగింది. స్క్రూడ్రైవరు అందుకోబోయిన చెయ్యి మధ్యలో ఆగింది. తల కొంచెం పక్కకు తిప్పింది.

"వెనక సంగతి తరవాత. ఇక్కడే కొడుతోంది, ఈ పక్క. ఇన్నేళ్ళూ నేనిక్కడే నిలబడ్డాను, ఇక్కడ ఎప్పుడూ పొగ వాసన లేదు."

మేస్త్రీ చెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు. గొట్టం ఇంజనుకు కలిసే చోట, టిక్కుమన్నప్పుడల్లా వెచ్చని ఊదు ఒకటి అరచేతికి తగిలింది. తను తిరగేసి వేసిన ప్యాకింగు. విషయం మెదడులో దీపంలా వెలిగింది. పొగ బయటికి పోయే సందులోంచే గాలి లోపలికీ పోతుంది. సెన్సారుకు అందులో ఆక్సిజన్ కనబడింది. కనబడిందే చెప్పింది. గాలి ఎక్కువంటే తను పెట్రోలు పోశాడు. ఆ గాలి ఇంజనులోది కాదు, సందులోది.

"చూశావా, నా సెన్సారు అబద్ధమాడలేదు" అన్నాడు బావమరిది.

"లేదురా. దాన్ని అబద్ధాల ఇంట్లో కాపురం పెట్టింది నేను."

ఇంజను చల్లారాక గొట్టం విప్పారు. మేస్త్రీ వెంట తెచ్చుకున్న పనిముట్ల పెట్టెలోంచి ప్యాకింగు రేకు తీసి, గొట్టం అంచు మీద పరిచి, చిన్న సుత్తితో అంచు చుట్టూ టకటకమని తట్టుకుంటూ పోయాడు. ఎక్కడ తడితే అక్కడ రేకు అచ్చంగా ఆ ఆకారంలో తెగింది. అధికారి ఆ ఖాళీ కుర్చీని దగ్గరికి జరుపుకుని కూర్చుని చూశాడు. కొత్త ప్యాకింగు వేసి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, ఇంజను పెట్టేసరికి టిక్కుటిక్కు లేదు. ఆ నిశ్శబ్దానికి ముందు అందరూ కంగారుపడ్డారు, ఇంజను ఆగిపోయిందేమోనని. మీటరులో అంకె మాత్రం గోడ మీంచి దూకినట్టు పదికి పడిపోయింది.

"పెట్రోల్లో ఈదుతున్నాం బావా" అన్నాడు బావమరిది.

పాత జెట్టు తిరిగి వేశారు. స్క్రూ దగ్గర భార్య నిలబడింది. ఈసారి మేస్త్రీ వెనక్కి పోలేదు. డ్రైవరు కిటికీ పక్కన నిలబడి, బావమరిది చదివే అంకెను బట్టి వేలు ఎత్తాడు, వేలు మడిచాడు. పదకొండు. పన్నెండున్నర. పద్నాలుగు. ఇంకొక్క పిసరు. పిడికిలి బిగించాడు. పొగ పలచబడి, బూడిద రంగై, చివరికి కనబడకుండా పోయింది. రొట్టెలక్క వెనక్కి వెళ్ళి గుండెల నిండా గాలి పీల్చి, ఏడుపో నవ్వో తెలియని మొహంతో తిరిగొచ్చింది. అధికారి యంత్రం ముల్లు పద్ధతిగా లేచి, పద్ధతి గలచోట నిలబడింది. సంతకం పెట్టి, గేటుకు తాళం వేస్తూ, ఆ కొత్త ప్యాకింగు కోసిన రేకు ముక్క ఒకటి గుర్తుగా ఇస్తారా అని అడిగి పుచ్చుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున రొట్టెలు మామూలు వాసనతో వీధి దాటిపోయాయి. ఆస్పత్రిలో అడిగి తిన్నారట. ఆశ్రమంలో తాతగారు మాత్రం కొరికి చూసి, ఈసారి రుచి తగ్గిందని అలిగాడట.

మేస్త్రీ ఆ పొద్దున తలుపు తీశాడు. గడప మీద నిలబడ్డాడు. కబురు అప్పటికే వీధంతా పాకింది, అయినా కిటికీలు ఎప్పటిలాగే ఓరగా తెరిచి ఉన్నాయి. ఎవరూ మొహం చాటేయలేదు. దర్జీ భార్య పొయ్యి దగ్గర కాక కిటికీ దగ్గరే నిలబడి ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. ఏమీ లేదు. మెల్లగా వదిలాడు.  వీధి ఎదురు చూస్తోంది.

వెనక్కి తిరిగి లోపలికి చూశాడు. భార్య నీళ్ళ గిన్నె పొయ్యి మీద పెడుతోంది.

"ఏమే, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆయన పక్కకు జరిగి గడప మీద చోటిచ్చాడు. "నాకో సాయం చేసి పెట్టు. ఇక్కడ నిలబడి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గట్టిగా పీల్చి, ఏమేం వస్తున్నాయో నాకు చెప్పు. నాకు చెబితే చాలు, వీధికి నేను చెబుతా. ఏది వస్తే అదే చెప్పు. నేను బాధపడతానని ఏదీ దాచకు."